బండి కింద ఏముంది?

1979 మార్చి 30. మధ్యాహ్నం మూడు కావస్తోంది. లండన్‌లో పార్లమెంటు భవనం పార్కింగ్ నుంచి ఒక కారు ఏటవాలు దారి ఎక్కుతూ బయటికి వస్తోంది. పైకి చేరకముందే పేలిపోయింది. నడుపుతున్నది ఎయిరీ నీవ్. కన్సర్వేటివ్ పార్టీ ఎంపీ, మరికొన్ని వారాల్లో ప్రధాని కాబోతున్న మార్గరెట్ థాచర్‌కు కుడిభుజం. ఆయన ప్రాణాలు దక్కలేదు. బాంబు కారు అడుగున ఉంది. అందులో పాదరసం స్విచ్ పెట్టారు. బండి చదునైన నేల మీద ఉన్నంతసేపూ ఆ పాదరసం ఉన్నచోటే ఉంది. వాలు ఎక్కగానే జారింది, సర్క్యూట్ కలిసింది. ఐర్లాండ్ సాయుధ ముఠా ఐఎన్‌ఎల్‌ఏ ఈ హత్య తమ పనేనని ప్రకటించింది.

సాయుధ ఘర్షణ సాగిన ఆ దశాబ్దాల్లో ఉత్తర ఐర్లాండ్‌లో పోలీసులు, సైనికులు, జడ్జీలు పొద్దున్నే తాళం తిప్పే ముందు మోకాళ్ల మీద కూర్చుని కారు కిందికి తొంగి చూసేవారు. భయంతో మొదలైనా అది క్రమంగా దినచర్యగా మారింది. 1990 జూలై 30న మరో ఎంపీ ఇయాన్ గౌ ఇంటి దగ్గర కారు కింద పెట్టిన బాంబుకే బలయ్యారు. ఉత్తర ఐర్లాండ్‌లో శాంతి ఒప్పందం కుదిరి పదమూడేళ్లు గడిచాక కూడా, 2011 ఏప్రిల్‌లో, ఓమా పట్టణంలో ఒక యువ కానిస్టేబుల్ ఇదే పద్ధతిలో చనిపోయాడు.

బాంబును అయస్కాంతంతో అంటించడం పెరిగాక దాడి ఇంకా తేలికైపోయింది. పార్కింగ్‌లోకి దొంగచాటుగా దూరి, కింద పడుకుని, తీగలతో కట్టాల్సిన పనిలేదు. 2012 జనవరి 11న టెహ్రాన్‌లో అణుశాస్త్రవేత్త ముస్తఫా అహ్మదీ రోషన్ కారుకు మోటార్‌సైకిల్ మీద వచ్చినవాళ్లు బాంబు అంటించి వెళ్లిపోయారు. నెల తిరగగానే, ఫిబ్రవరి 13న, మన ఢిల్లీలో ప్రధాని నివాసానికి దగ్గర్లో ఇజ్రాయెల్ ఎంబసీకి చెందిన ఇన్నోవాకు అలాగే జరిగింది. నలుగురు గాయపడ్డారు. 2021 నుంచి జమ్మూకశ్మీర్‌లో పోలీసులకు ఇలా అయస్కాంతంతో అతుక్కునే స్టికీ బాంబులు దొరుకుతున్నాయి. 2022లో అమర్‌నాథ్ యాత్ర భద్రతకు సంబంధించి అధికారులు ప్రధానంగా ఆలోచించిన ముప్పుల్లో అదొకటి.

కాబట్టి బండి కింద చూడాలి. ఆ విషయంలో వాదన లేదు. ఎలా చూడాలి, ఎవరు చూడాలి, చూసినదాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నవే అసలు ప్రశ్నలు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకెళ్లగల కెమెరా వ్యవస్థలు మార్కెట్లో పెరుగుతున్న ఈ రోజుల్లో, ప్రభుత్వ శాఖలు, దేవస్థానాలు, హోటళ్లు, ఫ్యాక్టరీలు వాటికి టెండర్లు పిలుస్తున్న ఈ రోజుల్లో, ఈ ప్రశ్నలను నిదానంగా తరచి చూడాలి.

ముందు అద్దం సంగతి. హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో పెద్ద హోటల్‌కో మాల్‌కో కారులో వెళ్లినవారికి ఇది తెలిసిందే. కర్రకు బిగించిన ఉబ్బెత్తు అద్దం, కింద చిన్న చక్రాలు, పక్కన ఒక టార్చి. ‘డిక్కీ తెరవండి సార్’ అంటూ ఒకరు వెనక్కి వెళతారు, ఇంకొకరు అద్దాన్ని బండి పక్కన ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి తోస్తారు. 2008 సెప్టెంబర్‌లో ఇస్లామాబాద్ మారియట్ మీద ట్రక్కు బాంబు దాడి, ఆ నవంబర్‌లో ముంబయి దాడులు జరిగాక ఈ దృశ్యం మన నగరాల్లో మామూలైంది. అద్దం చవక. కరెంటు అక్కర్లేదు, చెడిపోయేది ఏమీ లేదు. శ్రద్ధగా వాడితే బండి అంచుల నుంచి అడుగున్నర, రెండు అడుగుల లోపలి వరకు బాగానే చూపిస్తుంది. టైరు లోపలి వైపు, చాసిస్ పక్క భాగం, బంపర్ వెనుక ఖాళీ, ఇవన్నీ చేతికి దొరికే చోట్లు. హడావిడిగా అంటించేవాడు ఎంచుకునేవి కూడా అవే.

నడిమి భాగంతోనే చిక్కు. పెట్రోల్ ట్యాంకు పై అంచు, ప్రొపెల్లర్ షాఫ్ట్ గుంట, గేర్‌బాక్స్ వెనుక ఖాళీ అద్దంలో చిన్నవై, వంకరై, చీకట్లో కలిసిపోతాయి. ఉబ్బెత్తు అద్దం ఎక్కువ విస్తీర్ణం చూపిస్తుంది కానీ దేన్నీ అసలు సైజులో చూపించదు. పైగా బొమ్మలో కుడి ఎడమలు తారుమారై ఉంటాయి. మండే ఎండలో నిలబడి బండి కింది చీకటిని చూడాలంటే కళ్లు అలవాటు పడటానికే కొంతసేపు పడుతుంది, వెనక బండ్లు హారన్ కొడుతుంటే ఆ సమయం ఎవరిస్తారు? అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. అద్దం పట్టుకున్న మనిషి, ఒకవేళ బాంబు ఉంటే, దానికి బారెడు దూరంలో ఉన్నాడు. పన్నెండు గంటల డ్యూటీకి వచ్చే, జీతం అంతంత మాత్రమే అయిన గార్డును మనం రోజూ నిలబెడుతున్నది అక్కడే.

కెమెరా ఇచ్చే మొదటి మేలు ఈ దూరమే. స్పష్టత, రికార్డు, కంప్యూటర్ విశ్లేషణ తర్వాతి మాటలు. బొమ్మ వైర్‌లెస్‌గా ఒక తెర మీదికి వస్తే చూసేవాళ్లు ఇసుక బస్తాల వెనుకో, వేరే గదిలోనో కూర్చోవచ్చు. ఏ పరికరాన్నయినా తూచేటప్పుడు, అది మనిషిని బండికి ఎంత దూరంలో ఉంచుతోందన్న ప్రశ్నే ముందు రావాలి.

ఆ లెక్కన చూస్తే, పోర్టబుల్ అని అమ్ముతున్నవన్నీ ఒకటి కావు. అన్నిటికన్నా సులువైనది అద్దం ఉన్నచోట కెమెరా, టార్చి ఉన్నచోట ఎల్ఈడీ పెట్టి, కర్ర పైభాగాన చిన్న తెర బిగించిన ట్రాలీ. కర్ర పొడవు మార్చుకోవచ్చు, బండి మధ్య వరకు తోయవచ్చు, చీకట్లోనూ కనిపిస్తుంది, అనుమానం వచ్చిన చోట ఫొటో తీయవచ్చు. అద్దం కన్నా ఎన్నో రెట్లు నయం. అయితే మనిషి మాత్రం పాత చోటే, బండి పక్కనే ఉన్నాడు. ఒక జట్టుకు ఒకటో రెండో చేతిలో ఉండటానికి ఇది మంచి పరికరం. గేటు దగ్గర రోజుకు వేల బండ్లు చూసే పని దీనిది కాదు.

రెండో రకం, నేల మీద పరిచే ర్యాంపు. స్పీడ్ బ్రేకర్ లాంటి తక్కువ ఎత్తు దిమ్మెలో కెమెరాలు, లైట్లు ఉంటాయి. బండి దాని మీదుగా మెల్లగా వెళితే చాలు, అడుగు భాగమంతా ఒకే బొమ్మగా తెర మీదికి వస్తుంది. పార్లమెంటు, విమానాశ్రయాల లాంటి చోట్ల ఇదే పరికరాన్ని రోడ్డు తవ్వి శాశ్వతంగా పాతుతారు. 2001 డిసెంబర్ 13న నకిలీ హోం శాఖ స్టిక్కర్ అంటించుకున్న తెల్ల అంబాసిడర్‌లో ఉగ్రవాదులు పార్లమెంటు ఆవరణలోకి వచ్చేసిన తర్వాత మన దేశంలో గేటు భద్రత మీద ఆలోచనే మారిపోయింది. ఈ స్కానర్లు ఇప్పుడు ఇక్కడే తయారవుతున్నాయి. ఐఐటీ ఢిల్లీలో మొలకెత్తిన క్రిటికల్ సంస్థ నుంచి వచ్చిన నోయిడా కంపెనీ వేహంట్ టెక్నాలజీస్ వీటిని చాలాకాలంగా తయారు చేస్తోంది.

ర్యాంపు పనిచేసే తీరు కాస్త దగ్గరగా చూస్తే దాని బలం, బలహీనత రెండూ అర్థమవుతాయి. చాలావాటిలో ఉండేది లైన్ స్కాన్ కెమెరా. అది ఒకసారికి ఒక సన్నని అడ్డగీతను మాత్రమే చూస్తుంది. బండి కదులుతున్నకొద్దీ గీత పక్కన గీత చేరి బొమ్మ తయారవుతుంది. అంటే బొమ్మను పూర్తి చేసేది బండి నడకే. డ్రైవర్ మధ్యలో బ్రేకు వేస్తే సైలెన్సర్ సాగిపోయి రెండింతల పొడవుగా కనిపిస్తుంది. ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే డిఫరెన్షియల్ నొక్కుకుపోయి పల్చబడుతుంది. వేగాన్ని కొలిచి సరిచేసే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, అయినా జనం, పోలీసులు, బారికేడ్లు ఉన్న చోట మన డ్రైవర్లు ఒకే వేగంతో వెళ్తారనుకోవడం కష్టం. ఏరియా స్కాన్ కెమెరాలకు ఈ చిక్కు తక్కువ. అవి చకచకా పూర్తి ఫొటోలు తీసి ఒకదానికొకటి కుట్టేస్తాయి. అక్కడ కుట్టు పడిన చోట అంగుళమో అరంగుళమో సరిగా కలవకపోవచ్చు.

ఎత్తు ఇంకో తలనొప్పి. మారుతి స్విఫ్ట్ లాంటి కారు కింద కెమెరాకూ ఫ్లోర్‌కూ మధ్య జానెడు దూరం కూడా ఉండదు, కాబట్టి బాగా వెడల్పుగా చూసే లెన్సు కావాలి. అదే ర్యాంపు మీదికి పది టైర్ల లారీ వస్తే అంతా అందనంత ఎత్తులో, లీఫ్ స్ప్రింగుల నీడల్లో, గ్రీజు పట్టిన నలుపులో ఉంటుంది. లైటు అక్కడిదాకా చాలాలి. కారుకూ లారీకీ ఒకే ర్యాంపు ఒకే నాణ్యతతో పనిచేస్తుందని బ్రోచర్ చెబితే, రెండింటినీ తెచ్చి ఎదుటే నడిపించి చూపించమనడం కొనేవారి హక్కు.

మూడో రకం రోబో. ఇందులో చెప్పుకోదగ్గ పాత ఉదాహరణ ఓడిస్. అమెరికా సైన్యం వాహన పరిశోధన కేంద్రం టార్‌డెక్ కోసం యూటా స్టేట్ యూనివర్సిటీ 2000 ప్రాంతంలో తయారు చేసింది. పది సెంటీమీటర్లకు మించని ఎత్తు, ఏ దిక్కుకైనా తిరగ్గల చక్రాలు, పైకి చూసే కెమెరా. ఆపరేటర్ దూరంగా కూర్చుని దాన్ని ఆగి ఉన్న బండి కిందికి పంపుతాడు. దూరం విషయంలో రోబోను మించింది లేదు, కావలసిన చోట ఆపి, కెమెరా వంచి, తీరిగ్గా చూడవచ్చు. అయితే గంటకు చూడగలిగే బండ్లు బహు తక్కువ. అందుకే ఇది గేటుకు కాదు, అనుమానం వచ్చిన బండికి వాడాలి. పార్కింగ్‌లో ఎవరిదో తెలియని కారు మీద ఫోన్ కాల్ వచ్చింది, బాంబ్ స్క్వాడ్ వస్తోంది, అలాంటప్పుడు మనిషి కన్నా ముందు పంపాల్సింది దీన్నే.

వేగం లెక్క చిన్నదే, కానీ వేసుకోక తప్పదు. ఒక వరుసలో బండికి ఒక నిమిషం పడితే గంటకు 60 బండ్లు. పది సెకన్లయితే 360. తిరుమల కొండెక్కే ప్రతి వాహనం అలిపిరి చెక్‌పోస్టు దగ్గర ఆగాలి, సామాను దించి స్కానర్లో పెట్టాలి. 2003 అక్టోబర్ 1న ఆ అలిపిరి దగ్గరే అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కాన్వాయ్ మీద క్లెమోర్ మైన్లు పేల్చారు కనుక, అక్కడ తనిఖీ ఎందుకని అడిగేవారు లేరు. కానీ రద్దీ రోజుల్లో ఆ క్యూ ఎంత దూరం పోతుందో యాత్రికులకు తెలుసు. తనిఖీ కోసం ఆగిన క్యూ కూడా ఒక గుంపే, ఆ గుంపుకు రక్షణ ఎవరిదన్నది భద్రతాధికారులు వేసుకోవాల్సిన ప్రశ్న. ర్యాంపు మెల్లగా కదిలే బండిని ఆపకుండా చూడగలగడం ఇక్కడ నిజమైన లాభం.

మరి తెర మీద కనిపిస్తే దొరికినట్టేనా? ఇక్కడే పరికరం గొడవ వదిలి మనిషి సంగతికి రావాలి.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ రాడార్ ఆపరేటర్లు తెర మీద చుక్కలను ఎందుకు వదిలేస్తున్నారో తేల్చడానికి నార్మన్ మాక్‌వర్త్ ఒక ప్రయోగం చేశారు. గడియారం ముల్లు లాంటిదాన్ని తిప్పుతూ, అది అరుదుగా రెండింతలు గెంతినప్పుడు చెప్పమన్నారు. అరగంట దాటేసరికే జనం గెంతులను ఎక్కువగా వదిలేయడం మొదలుపెట్టారు. 1948లో వెలువడిన ఆ ఫలితం ఇప్పటికీ నిలిచే ఉంది. 2005లో జెరెమీ వోల్ఫ్, ఆయన సహచరులు నేచర్ పత్రికలో ఇంకో సంగతి చూపించారు. వెతుకుతున్న వస్తువు సగం బొమ్మల్లో ఉన్నప్పుడు జనం 7 శాతం మాత్రమే వదిలేశారు. నూటికి ఒక్క బొమ్మలోనే ఉన్నప్పుడు ఏకంగా 30 శాతం వదిలేశారు. కళ్లూ అవే, వస్తువులూ అవే. అరుదు కావడమే తేడా. బండి కింద బాంబు నూటికి ఒకటి కాదు, లక్షకు ఒకటీ కాదు. తన ఉద్యోగ జీవితమంతా ఒక్కటి కూడా చూడని మనిషి, ఆ ఒక్క రోజు, ఆ ఒక్క బొమ్మలో గుర్తుపట్టాలి.

విమానాశ్రయాల వారు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. సామాను స్కానర్ తెర మీదికి అప్పుడప్పుడు ఉత్తుత్తి ఆయుధాల బొమ్మలను సాఫ్ట్‌వేరే పంపుతుంది. ఆపరేటర్ గుర్తించాడా లేదా అన్నది నమోదవుతుంది. దాంతో వెతికేది అరుదైనదన్న భావన కొంత తగ్గుతుంది, ఎవరికి శిక్షణ కావాలో తెలుస్తుంది. బండి కింది కెమెరాలకు ఇది తప్పనిసరి కావాలి. సాఫ్ట్‌వేర్‌తో కాకపోతే, వారానికొకసారి శాఖ బండి కింద అయస్కాంతంతో ఒక డమ్మీ పెట్టి గేటుకు పంపినా చాలు. దానికి అయ్యే ఖర్చు టీ డబ్బులు కూడా కాదు.

గుర్తుపట్టడం ఎలాగో నేర్పడం ఇంకో పెద్ద పని. పాత బొలెరో కింద ఏం కనిపిస్తుందో చూడండి. ఇంజిన్ ఆయిల్ చెమ్మకు దుమ్ము అంటుకుని గట్టిపడి ఉంటుంది. సైలెన్సర్ తుప్పు పట్టి ఎర్రగా, బ్రేకు పైపులు బూడిద రంగులో, అన్నిటి మీదా ఒకే రకం మట్టి. అక్కడ మెరిసే కొత్త టేపు, మట్టి అంటని ఒక అరచేతి మేర శుభ్రమైన చోటు, ఎక్కడికీ పోని ఒక తీగ, మిగతా బోల్టుల కన్నా కొత్తగా ఉన్న రెండు బోల్టులు కనిపిస్తే ఆగాల్సిందే. తెలివైనవాడు పెట్టె మీద కూడా మట్టి పూస్తాడు. కానీ ఆ మట్టి నీటి చెమ్మతో పూసింది, ఆయిల్‌లో నానింది కాదు. ఈ తేడా పోలీసు శిక్షణ పుస్తకాల కన్నా ఆటోనగర్ మెకానిక్‌కు బాగా తెలుసు. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లు గోతిలో దిగి పనిచేసిన మేస్త్రిని పిలిచి, ఆపరేటర్లకు రెండు రోజులు బండ్లు చూపించమంటే వచ్చే జ్ఞానం ఏ బ్రోచర్‌లోనూ దొరకదు. టెండర్ డబ్బులో కొంత ఆయనకు చెల్లించడం న్యాయం కూడా.

కంప్యూటర్ పోలిక గురించి అమ్మకందారులు గట్టిగా చెబుతారు. నంబర్ ప్లేటు చదివి, అదే బండి పాత బొమ్మను బయటికి తీసి, కొత్త బొమ్మతో పోల్చి, తేడా ఉన్న చోట ఎర్ర చదరం గీస్తుంది. రోజూ అవే బండ్లు వచ్చే చోట ఇది నిజంగా అద్భుతమైన సాధనం. సచివాలయం, రిఫైనరీ, ఓడరేవు, రక్షణ పరిశోధన సంస్థల గేట్లు అలాంటివే. మేడారం జాతరకు వచ్చే వాహనాల సంగతి వేరు. వాటిలో అత్యధికం ఆ కెమెరా ఎప్పుడూ చూడనివి. పాత బొమ్మే లేనప్పుడు పోలిక దేనితో? అదే మోడల్ ఇన్నోవా బొమ్మతో పోల్చవచ్చు, కానీ మన దగ్గర గ్యాస్ కిట్టు, సౌండ్ బాక్సు, అదనపు స్టెప్నీ బిగించని ట్యాక్సీ అరుదు. ప్రతి బండికీ ఎర్ర చదరాలు పడితే గంటలోపే ఆపరేటర్ వాటిని పట్టించుకోవడం మానేస్తాడు. కాబట్టి జాతరలు, ఎన్నికల సభలు, 2027లో రానున్న గోదావరి పుష్కరాల లాంటి తాత్కాలిక సందర్భాలకు పోర్టబుల్ ర్యాంపు మంచిదే, కానీ అక్కడ దాన్ని మనిషి కంటికి సాయంగా కొనాలి తప్ప కృత్రిమ మేధ పేరు చూసి కాదు.

కెమెరాకు ఉన్న హద్దులు కూడా ముందే ఒప్పుకోవాలి. అది చూసేది పైపొర. కొత్త కార్ల కింద గాలి ఒరవడి కోసం బిగించిన ప్లాస్టిక్ షీట్లు ఉంటాయి. వాటి పైన ఏముందో కెమెరాకు అందదు. చాలా ఎలక్ట్రిక్ కార్లలో దీనికి భిన్నంగా, అడుగులో ఎక్కువ భాగం చదునైన బ్యాటరీ పలకే కాబట్టి కొత్తగా అంటించింది ఏదైనా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బండి లోపల ఉన్నది అసలే కనిపించదు. 1997 నవంబర్ 19న హైదరాబాద్ ఫిల్మ్‌నగర్‌లో తెలుగుదేశం నాయకుడు పరిటాల రవి లక్ష్యంగా జరిగిన పేలుడులో 26 మంది చనిపోయారు. ఆ బాంబు ఆపి ఉంచిన కారులో ఉంది. ముంబయి దాడుల్లో పేలిన రెండు ట్యాక్సీల్లో బాంబులు వదిలింది సీట్ల కింద. ఢిల్లీ ఇన్నోవాకు బాంబు అంటించింది నడిరోడ్డు మీద, ఏ గేటుకూ సంబంధం లేని చోట. జాగిలం ముక్కు, డిక్కీ తనిఖీ, డ్రైవర్‌తో రెండు మాటలు మాట్లాడటం, వీటిలో ఒక్కదాన్నీ కెమెరా తొలగించలేదు.

దొంగ రవాణాను పట్టడంలో మాత్రం కెమెరాకు మన ప్రాంతంలో బాంబుల కన్నా ఎక్కువ పని ఉంది. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు నుంచి గంజాయి, శేషాచలం నుంచి ఎర్రచందనం తరలించే ముఠాలు బండ్లకు రహస్య అరలు చేయిస్తాయి. ట్రాలీ ఫ్లోరు కింద ఇంకో ఫ్లోరు, ట్యాంకులో సగానికి అడ్డుగోడ. కింది నుంచి చూస్తే కొత్త వెల్డింగ్ గీత, ఉండాల్సిన చోట లేని క్రాస్ మెంబర్, చాసిస్‌కూ బాడీకీ మధ్య మాయమైన ఖాళీ పట్టిస్తాయి. ఘాట్ రోడ్ల మీద చెక్‌పోస్టు స్థలం మార్చుకుంటూ పోవాలి, లేకపోతే సమాచారం ముందే వెళ్లిపోతుంది. జీపులో వేసుకుని వెళ్లగల ర్యాంపో ట్రాలీ కెమెరానో అక్కడ శాశ్వత స్కానర్ కన్నా వందరెట్లు ఉపయోగం.

ఈ సాంకేతికత భద్రత నుంచి గ్యారేజీ వైపు కూడా నడుస్తోంది. 2016లో మొదలైన ఇజ్రాయెల్ కంపెనీ యూవీఐ ముందు గేట్ల దగ్గర బాంబుల కోసమే బండి కింద చూసింది. ఆ తర్వాత అదే కెమెరాలతో ఆయిల్ లీకులు, దెబ్బలు, టైర్ల అరుగుదల పట్టుకునే వ్యాపారానికి మళ్లింది. వోల్వో, టయోటా, హ్యుందాయ్, జనరల్ మోటార్స్ అందులో పెట్టుబడి పెట్టాయి. మన దగ్గర 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటివి కడిగి, కింద నల్లటి యాంటీ రస్ట్ కోటింగ్ కొట్టి, సెకండ్ హ్యాండ్ మార్కెట్లో పెడితే కొనేవారికి తెలిసేది ఎలా? ఫోన్‌కు తగిలించే గొట్టం కెమెరా వెయ్యి, రెండు వేలకు దొరుకుతోంది. క్రాస్ మెంబర్ రంధ్రంలోంచి దాన్ని దూర్చితే లోపల ఎండిన ఒండ్రు కనిపిస్తుంది. ఎనిమిదేళ్ల కారు కింద నిగనిగలాడే కొత్త కోటింగ్ ఉంటే, దాని కింద ఏముందని అడగాల్సిందే. కేంద్రం 2021లో ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లకు నియమాలు తెచ్చింది. ఫిట్‌నెస్ కోసం వచ్చే బస్సుల, లారీల అడుగు భాగాన్ని ఫొటో తీసి సర్టిఫికెట్‌తో పాటు భద్రపరిచే ఏర్పాటు అక్కడ ఉంటే, ప్రమాదం జరిగాక ఎవరి తప్పో తేల్చడానికి ఆధారం దొరుకుతుంది.

ఇక కొనేవారి విషయం. ఇన్ని మెగాపిక్సెళ్లు, ఇంత వేగం, ఇన్ని కిలోలు అని టెండర్లలో రాయడం సులువు. పనికొచ్చే షరతులు వేరే ఉన్నాయి. గ్రీజు పట్టిన లారీ కింద అగ్గిపెట్టెంత డమ్మీని ఎన్నిసార్లు పెడితే ఎన్నిసార్లు దొరికిందో, కొనే శాఖ సొంత మనుషుల చేత, మిట్టమధ్యాహ్నం ఒకసారి, వానలో ఒకసారి పరీక్ష జరగాలి. పడమటి ఎండ ఏటవాలుగా లెన్సులో పడితే బొమ్మ తెల్లబారుతుందా? ర్యాంపు పైన షామియానా వేయాలా? జనరేటర్ ఆగితే బ్యాటరీ ఎంతసేపు వస్తుంది? తెర ముందు ఒకే మనిషి అరగంటకు మించి కూర్చోకుండా మార్పిడికి ఎంతమంది కావాలి? అనుమానం వస్తే బండిని ఆపే అధికారం ఆ ఆపరేటర్‌కు ఉందా, లేక సార్ కోసం ఫోన్ చేయాలా? ఎవరి బండైనా, వీఐపీదైనా, అతను ఆపమంటే ఆగుతుందా? ఎర్రమట్టి రోడ్డు మీద పది బండ్లు పోయేసరికి గాజు మీద పొర కడుతుంది కనుక, ఆ గాజును గంటగంటకూ తుడిచే మనిషి పేరు డ్యూటీ చార్టులో రాసి ఉండాలి.